మునివేళ్లు మోసిన బరువు

పోయిన వారం చామోర్షి నుంచి ఫోను వచ్చింది. మా పక్కింట్లో అద్దెకుండి ఇక్కడి బడిలో సైన్సు చెప్పిన సారు పోయారని. నేను నమ్మలేదు. మాట్లాడుతున్నామె తాను సారుకు అక్కనని మరాఠీలో చెప్పింది. అక్క అయితే తమ్ముడు టీలో ఎన్ని చెంచాల చక్కెర వేసుకుంటాడో చెప్పమన్నాను. అవతల ఆమె ఏడుస్తూనే, "చక్కెర వేసుకోడమ్మా, బెల్లం ముక్క కొరుక్కుంటూ తాగుతాడు" అంది. అప్పుడు ఫోను పక్కనున్న పీట మీద కూర్చున్నాను.

చావు కబురు చెప్పిన మనిషికి పరీక్ష పెట్టిన ముసలిది అని మీరు అనుకోవచ్చు. ఈ సంగతి విని ఉంటే సారు మాత్రం నవ్వేవారు. నేను అనుమానించడం ఆయనకు ఇష్టం. "క్లాసుల మీలాంటి పిల్ల ఒక్కతె ఉన్నా నేను బతికిపోతుంటి ఆజీ" అనేవారు. ఆజీ అంటే మరాఠీలో అమ్మమ్మనో నానమ్మనో పిలిచే పిలుపు. మొదటి రోజు నుంచి ఆయన నన్ను అలాగే పిలిచారు. అడగకుండా వరస కలిపాడేమిటా అని ఆ రోజు అది కూడా నాకు అనుమానమే.

నేను వరంగల్లులో పదకొండో తరగతి దాకా చదివి, గోదావరి దాటి, మహారాష్ట్ర అంచున ఉన్న ఈ సిరోంచకు కోడలిగా వచ్చాను. పాలవాడు పోసిన పాలు నా గిన్నెలో మళ్లీ కొలుస్తాను. వడ్లు మిల్లుకు పోతే బియ్యమే కాదు, తవుడూ నూకలూ కూడా లెక్క చూసుకుంటాను. పైగా ఊరు కూడా అలాంటిది. అడవి అంచున ఉన్నాం. కొత్తగా వచ్చిన మనిషి ఎవరు, ఎవరి తరఫున వచ్చాడు అని నేనే కాదు, టీ కొట్టు దగ్గర కూర్చున్న ప్రతివాడూ చూసేవాడు. అలాంటి చోటికి ఒక ఒంటరి మనిషి, భుజాన గుడ్డసంచి, సంచిలో ఒక స్ప్రింగు కాంటతో దిగాడు.

దిగిన మరునాడే మా వాకిట్లో నా ఇత్తడి చెంబును ఆ కాంట కొక్కేనికి తగిలించి, కళ్లద్దాలు పైకి నెట్టి చూస్తున్నారు.

"ఏం జేస్తున్నరు సారూ?"

"జర ఆగుండ్రి ఆజీ. మీ చెంబును భూమి ఎంత గుంజుతదో చూస్తున్న."

"చెంబు నాది, వాకిలి నాది. నడుమ భూమి ఎందుకు గుంజుతది?"

ఆయన చెంబు దించి నా చేతికిచ్చారు. "ఇప్పుడు మీ చెయ్యి కిందికి పోతలేదా? అదే గుంజుడు. మీరు పైకి పట్టుకున్నరు కాబట్టి ఆగింది."

నేను చెంబు లోపలికి తీసుకుపోయి, అడుగున సొట్ట ఏమైనా పడిందా అని తిప్పి చూసుకున్నాను. పడలేదు.

బజారులో కూడా అదే గొడవ జరిగింది. కూరగాయల అంగట్లో ఆయన ఒక వంకాయను కాంటకు తగిలించగానే, అమ్మే ఆమె తూనికల ఆఫీసరు వచ్చాడనుకుంది.

"ఓ సారూ, నా బాట్లు మంచియే! ముద్ర ఉన్నది సూడు!" అని ఇనుప తూకం రాళ్లు బోర్లించి చూపించిందట.

"నేను గా ఆఫీసర్ను గాదమ్మా, బడిల చెప్తా."

"అందరు గట్లనే అంటరు. ఇగో, ఇంకో రెండు వంకాయలు ఏసిన, తీస్కపో. రాసుకోకు."

ఆ రెండు వంకాయలు ఆయన తీసుకోలేదని నాకు తరువాత తెలిసింది. ఆ అమ్మే ఆమెనే అడిగి తెలుసుకున్నాను.

నా మనవరాలు ఆయన క్లాసులో చేరింది. నా కూతురూ అల్లుడూ భామ్రాగడ్‌లో ఉద్యోగం చేస్తారు. అక్కడ వానకాలం వస్తే వాగులు దారులు తెంపేస్తాయని పిల్లను చదువుకు నా దగ్గర ఉంచారు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి సన్నగా, పొడుగ్గా వెదురు మొక్కలా ఎదిగింది. సారు వాళ్లకు ఇంటిపని ఇచ్చారు, ఇంట్లో ఉన్న వస్తువులను భూమి ఎంత బలంతో లాగుతుందో లెక్క కట్టుకు రమ్మని. రోకలి, గుమ్మడికాయ, నా చెప్పు, చివరికి పక్కింటి కోడిపెట్ట కూడా ఆ కాంటకు వేలాడింది. కోడి బరువు మాత్రం తేలలేదు. రెక్కలు కొడుతుంటే ముల్లు ఆగలేదు.

పిల్ల లెక్క నేను దిద్దాను. చెంబు ఆరు వందల గ్రాములు. దాని మీద లాగే బలం ఆరు న్యూటన్లు అని రాసింది. నేను పుస్తకం తీసి చూస్తే తొమ్మిది పాయింట్ ఎనిమిదితో గుణించాలని ఉంది. గుణిస్తే ఐదు పాయింట్ ఎనభై ఎనిమిది వస్తుంది. పిల్లను వెంటబెట్టుకుని పక్కింటికి పోయాను.

"సారూ, పదితోటి గుణించమని మీరే చెప్పిన్రా?"

"చెప్పిన ఆజీ. నోటి లెక్కకు అల్కగ ఉంటది."

"అల్కగ ఉంటదని నా చెంబు మీద లేని బరువు ఎట్ల పెడ్తరు? ఆ మిగిలిన పాయింట్ పన్నెండు ఎవలది?"

సారు పిల్ల వంక చూశారు. పిల్ల గోడ వంక చూసింది. "నాదే తప్పు. రేపటి సంది తొమ్మిది పాయింట్ ఎనిమిదే" అన్నారు. నిజంగానే మరునాడు క్లాసంతటికీ అలాగే చెప్పారట. పిల్లలు నన్ను తిట్టుకున్నారని మనవరాలు చెప్పింది. కానీ నాకు ఒకటి తెలిసిపోయింది. ఈ మనిషి ఎదుటివాళ్లకు సులువు చేయడం కోసం అంకెను కొంచెం సర్దగలడు. ఆ సంగతి మనసులో పెట్టుకున్నాను.

ఇక్కడ మా మొక్కు సంగతి చెప్పాలి. ముందటి వానకాలంలో పిల్లకు జ్వరం వచ్చి మాట పడిపోయే దాకా పోయింది. అప్పుడు సమ్మక్క తల్లికి నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కాను. బంగారం అంటే బెల్లమే. మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తూచి, మేడారం జాతరకు తీసుకుపోయి తల్లి గద్దె దగ్గర ఇస్తాం. పిల్ల లేచి కూర్చుంది. జాతర వచ్చింది. బెల్లం సావుకారి కొట్లో తూకానికి పోయాం.

బియ్యం బస్తాలు తూచే పెద్ద కాంట అది. దూలానికి వేలాడదీసి, రెండు వైపులా గొలుసులతో చెక్క పళ్లేలు కట్టి ఉంటాయి. నేను ముందు ఖాళీ పళ్లేలు సమంగా ఉన్నాయా అని చూశాను. గొలుసులు తడిమాను. సావుకారి చేతులు రెండూ నాకు కనిపించేలా పెట్టుకోమన్నాను.

"పెద్దమ్మా, దేవుని బెల్లంల దొంగతనం జేస్తనా?"

"చేస్తవని అనలే. చేతులు కనవడాలె అన్న."

సారు కూడా అక్కడే ఉన్నారు. పిలవకుండా వచ్చారు. సావుకారితో నవ్వుతూ మాట్లాడుతుంటే ఇద్దరూ ఒకటేనా అని ఆయన మీద కూడా ఒక కన్ను వేశాను. ఆయన మనవరాలికి చెబుతున్నారు. "మా స్ప్రింగు కాంట గుంజుడును కొలుస్తది. ఇది రెండు గుంజుళ్లను పోలుస్తది. చంద్రుని మీదికి పోతే స్ప్రింగుల నీ బరువు ఆరో వంతే చూపెడ్తది. గీ కాంటల మాత్రం నీకు ఇంతే బెల్లం తూగుతది."

"అంటే అమ్మమ్మ మొక్కు చంద్రుని మీద గూడ నడుస్తదా సార్?"

"అక్కడ ఇంకా బాగ నడుస్తది. మోసుకపోవుడు అల్క."

పిల్ల పళ్లెంలో కూర్చుని లంగా సర్దుకుంది. బెల్లం ముద్దలు ఒక్కొక్కటే పడ్డాయి. ముల్లు నిలువుగా నిలిచింది. ముప్పై రెండు కిలోల బెల్లం తేలింది. నదిమీద ఇంకా వంతెన లేదు గనుక పడవలో దాటించి, అవతల జీపులో వేసుకుని, జాతరలో ఇచ్చి వచ్చాం.

కొన్ని వారాలకే పిల్లకు మళ్లీ జ్వరం వచ్చింది.

నాకు మొదట తోచిన మాట ఒక్కటే, తూకం తగ్గింది. సావుకారి ఏం చేశాడో, ఎలా చేశాడో తెలియదు. కొంగు బిగించి అతని కొట్టుకు పోబోతుంటే మంచం మీద పిల్ల నా చీర పట్టుకుంది.

"అమ్మమ్మా, ఆయనను ఏమనకు. నా కాళ్లు కిందికి తాకినయి."

"ఏం కాళ్లు?"

"పళ్లెం ఊగుతుంటే పడిపోత అనుకున్న. కింద గోనెసంచి ఉంటే మునివేళ్లు ఆనిచ్చిన. లంగా అడ్డం ఉండె. ఎవలకు కనవడలే."

ఆ రోజు నేను దూలం చూశాను, గొలుసులు చూశాను, సావుకారి వేళ్లు చూశాను. పిల్ల పాదాలు నేలకు ఆని ఉన్నాయన్నది నా ఊహకే రాలేదు. అంటే పిల్ల బరువులో కొంత నేల మోసింది. అంత బెల్లం తల్లికి తక్కువ పోయింది. పిల్లను అలాగే దుప్పట్లో చుట్టి, బెల్లం కొని, ఆ పూట పడవకే బయలుదేరాలని అనుకున్నాను. గుడ్డసంచిలో బట్టలు కూడా పెట్టాను.

సారు గుమ్మంలో నిలబడ్డారు. పిల్ల ఆయనతో కూడా పాదాల సంగతి చెప్పింది. ఆయన నవ్వలేదు. మొక్కులూ గిక్కులూ ఏందని కూడా అనలేదు. పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, నా వైపు తిరిగారు.

"ఆజీ, తూకం ఎంత తగ్గిందో నేను తేలుస్త. అది నా పని. రక్తంల ఏమున్నదో దవాఖానల చూడాలె. అది వాళ్ల పని. ముందుగాల వాళ్ల కాడికి పోదాం."

"తూకం తేల్చకుంట మందులు పనిజేస్తయా?"

"నేను పారిపోత అని అనుమానమా? నా కాంట మీ దగ్గర పెట్టుకోండ్రి."

తన స్ప్రింగు కాంట సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టారు. పెట్టించుకున్నాను. ఆటోలో దవాఖానకు పోయాం. మలేరియా అన్నారు. మందులు ఇచ్చారు. కొన్నాళ్లకు జ్వరం దిగింది.

పిల్ల లేచి తిరుగుతున్నాక సారు మాట నిలబెట్టుకున్నారు. ఆయన కాంటకు పిల్ల బరువు ఆగదు. నది ఒడ్డున చేపలు తూచేవాళ్ల దగ్గర గుండ్రని ముఖం, పెద్ద ముల్లు ఉన్న వేలాడే కాంట అడిగి తెచ్చారు. మా వసారాలో ఒకప్పుడు నా కూతురి ఊయల వేలాడిన కొక్కేనికి దాన్ని తగిలించి, కింద తాళ్లతో చెక్క పలక కట్టారు. పలక బరువు తీసెయ్యాలి కదా అని నేను అనేలోపే, ఖాళీ పలకతో ముల్లును సున్నా మీదికి తిప్పారు. నేను రెండుసార్లు పలక కదిపి చూశాను. సున్నా మీదికే వచ్చింది.

పిల్ల పలకెక్కి కాళ్లు పైకి మడుచుకుంది. నేను నేల మీద మోకాళ్లు వేసి, చెంప వాల్చి, పాదాల కింద వెలుగు కనిపిస్తోందా అని చూశాను. కనిపించింది. లేచి ముల్లు చూశాను.

ముప్పై రెండు.

ఇచ్చిన బెల్లం ముప్పై రెండు. ఇప్పుడు పిల్ల ముప్పై రెండు. తగ్గిన బెల్లాన్ని తల్లి పిల్ల ఒంట్లోంచే తీసుకుని లెక్క సరి చేసుకుందా? ఆ మాట పైకే అన్నాను. పిల్ల పలక మీదే బిగుసుకుపోయింది.

సారు గొంతు పెంచడం నేను విన్నది ఆ ఒక్కసారే. "ఆజీ! పిల్ల ముందట ఏం మాటలవి? జ్వరంల నాలుగు ముద్దలు తినలే, తగ్గింది. అన్నం పెట్టుండ్రి, మళ్లొస్తది."

"రాకుంటే?"

"ప్రతి ఐతారం తూద్దాం. మీ కండ్ల ముందట."

తరువాత ఆయన పలక కింద గోనెసంచి మడిచి పెట్టి, ఆ రోజు ఆనించినట్టే మునివేళ్లు ఆనించమన్నారు. ముల్లు వెనక్కి జరిగింది. కొంచెం ఆనిస్తే కిలో, ఇంకొంచెం ఆనిస్తే రెండు. ఆ రోజు ఎంత ఆనించావంటే పిల్ల తల అడ్డంగా ఊపింది, గుర్తు లేదని.

"రెండు కిలోలు అనుకుందాం ఆజీ."

"ఎందుకు అనుకోవాలె? మళ్లా నాకు అల్కగ చేస్తున్నరా?"

"నిజం చెప్పాల్నంటే, ఆ రోజు ఎంత తగ్గిందో ఇగ తెలువదు. పోయినదాన్ని తూచలేం."

ఆ మాట ఆయన చాలా మెల్లగా అన్నారు. నేను ఒప్పుకోలేదు. తూచలేకపోతే పోనీ, అంతకు మించి తగ్గి ఉండదు అనే అంకె అయినా నాకు కావాలన్నాను. పిల్లను ఎంత గట్టిగా ఆనించగలదో అంత గట్టిగా ఆనించమన్నాను. పలక మీంచి లేవకుండా ఎంత నొక్కినా ముల్లు మూడున్నర కిలోలకు మించి జరగలేదు. అయితే మూడున్నర ఇస్తాం అన్నాను. తల్లికి ఎక్కువ పోయినా పోవచ్చు గాని తక్కువ పోదు.

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "పెద్ద పెద్దోళ్లు గిదే జేస్తరు ఆజీ. సరిగ్గ తెల్వనప్పుడు, ఎంతకు మించదో చెప్తరు. మీరు బడిల చెప్పాల్సినోళ్లు."

పొగిడి నా నోరు మూయిస్తున్నాడేమో అని ఆ క్షణంలో అనిపించింది. ఇప్పటికీ పూర్తిగా అనిపించకుండా లేదు.

ఆ తరువాత ప్రతి ఆదివారం పొద్దున ఆయన కాంట తెచ్చేవారు. పాలు, పప్పు, గుడ్డు, నేతిముద్ద, ఏది పెట్టినా పిల్ల తినేదాకా నేను కదిలేదాన్ని కాదు. ముల్లు పావుకిలో జరిగితే నాకు ప్రాణం కుదుటపడేది. వెంటనే అనుమానం వచ్చేది. సారు నా తృప్తి కోసం తాడును ఏమైనా లాగుతున్నారా? ఆయనను రెండు గజాల దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమనేదాన్ని. ఒక్కసారి కూడా ముఖం మాడ్చుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడి, "ఆజీ, ఊపిరి తీసుకోవచ్చునా? గాలి తగిలి ముల్లు జరిగితే నన్నంటరు" అనేవారు. పిల్ల పలక మీద నవ్వితే ముల్లు ఊగేది. నవ్వకే, తూకం ఆగదు అని నేను కసిరేదాన్ని.

ముప్పై మూడు. ముప్పై నాలుగు. ఒక వారం తగ్గింది. ఆ రోజు నేను అన్నం తినలేదు. సారు మా గుమ్మంలో కూర్చుని, పిల్ల ముందు వారం తిన్నాక తూగిందని, ఈ వారం తినకముందు తూగిందని నాకు గుర్తు చేశారు. పిల్ల తిన్నాక మళ్లీ తూచాం. ముల్లు ముందు వారం చోటికి దగ్గరగా వచ్చింది. నేనూ తిన్నాను.

ఆ మూడున్నర కిలోలు మొన్న మాఘంలో, రెండేళ్లకు మళ్లీ వచ్చిన జాతరకు పోయి చెల్లించాం. సారు రాలేదు. అంతకు ముందే సెలవు పెట్టి చామోర్షికి, అక్క దగ్గరికి పోయారు. ఎందుకు సెలవంటే ఇంటి మరమ్మతు అన్నారు. ఏ గోడ పడింది, ఎన్ని ఇటుకలు పడతాయి అని అడిగితే సరిగ్గా చెప్పలేకపోయారు. లెక్క చెప్పలేని మరమ్మతు ఏమిటా అని అప్పుడే అనుకున్నాను.

పోయిన వారం ఫోనులో ఆయన అక్క చెప్పింది. కడుపులో జబ్బు చాలా రోజులదట. ఆ సంగతి సారుకు ముందే తెలుసట. తాను నడవలేని స్థితి వచ్చాకే ఇంట్లో వాళ్లకు కూడా చెప్పారట.

నాకు తెలుసని నేను అనను. అనుమానించాను, అంతే. అది పిల్ల ముప్పై ఆరు దాటిన ఆదివారం. పిల్ల పలక మీంచి దూకి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని, "సార్, ఇగ మీరు కూసోండ్రి. మీ మీద ఫోర్సు నేను తీస్త. తొమ్మిది పాయింట్ ఎనిమిదితోటి" అంది.

"నాదెందుకు బిడ్డా, పాత సామాను."

"కూసోండ్రి సారూ. ఊరందరిని తూచిన్రు, తూకమంటే మీకే భయమా?" అన్నాను నేను.

ఆయన కూర్చున్నారు. పిల్లకు నేర్పినట్టే కాళ్లు పైకి మడుచుకున్నారు. అలవాటు కొద్దీ నేను వంగి కింద చూశాను. పాదాలకూ నేలకూ మధ్య ఎండ పడుతోంది. తల ఎత్తేసరికి ఆయన మెడ పైకెత్తి ముల్లు వంక చూస్తున్నారు. ముల్లు ఇంకా ఊగుతోంది. అది ఆగకముందే రెండు కాళ్లూ నేల మీద పెట్టి దిగిపోయారు.

"ముల్లు ఆగలే సార్!" అని అరిచింది పిల్ల.

"ఆజీ, పాలు పొంగుతున్నయేమో చూడుండ్రి" అంటూ చెప్పులు వేసుకుని తమ ఇంటివైపు నడిచారు.

పొయ్యి మీద పాలు లేవు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"అమ్మమ్మా, ఎంతని రాయాలె?" అని పిల్ల అడుగుతోంది. వసారాలో ఖాళీ పలక అటూ ఇటూ ఊగుతోంది. పైన ముల్లు సున్నాకు ఇవతలా అవతలా వణుకుతూ ఉంది.